పసుపు కొమ్ములోని కుర్కుమిన్ – గుణములు, హద్దులు

నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ జిల్లాల రైతులకు పసుపు సేద్యమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది అంతగా లేదు. విత్తనము నాటినది మొదలు దుంప త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి యార్డుకు చేర్చువరకు ఇంచుమించు పది నెలలు వారు ఆ పంటతోనే కాలము గడుపుదురు. అయినను ఇటీవల వారు మమ్ము అడుగుచున్న ప్రశ్నలు పొలమునకు సంబంధించినవి కావు. కొనువారు "కుర్కుమిన్ ఎంత శాతము?" అని అడుగుచున్నారు. అదే పేరుతో మందుల దుకాణములలో గొట్టపు మాత్రలు అమ్ముడుపోవుచున్నవి. ఫోనులకు వచ్చు సందేశములలో పసుపు నయము చేయని జబ్బే లేదు. ఇందులో ఎంత నిజము, ఎంత కల్పన?

ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణము గలదు. రైతు వేదికలో జరిగిన ఒక సమావేశమున దుంపకుళ్లు నివారణ గురించి చెప్పి ముగించిన పిదప, వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి, "సార్, పండించేది మనమేనాయె. షుగరు గోలీలు బందు పెట్టి పసుపే తింటే నడవదా?" అని అడిగెను. అందరును నవ్విరి. నేనును నవ్వి, డాక్టరును అడుగుమని చెప్పి ఊరకుంటిని. తరువాత తెలిసినది, ఆయన అప్పటికే రెండు నెలలుగా గోలీలు మాని, ఉదయము సాయంకాలము పాలలో పసుపు కలుపుకొని త్రాగుచుండెను. అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొని పుండు పడి మానకుండగా, దానికిని పసుపే అద్దుచుండెను. ఆయనను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపించితిమి. నాడు నవ్వి ఊరకుండుట నా పొరపాటు. ఆ ప్రశ్నకు నాడు చెప్పవలసిన జవాబు ఇది.

కుర్కుమిన్ అనగా నేమి?

పసుపు దుంపకు రంగునిచ్చు పదార్థమే కుర్కుమిన్. దీనిని 1815లో ఫోగెల్, పెలెతియే అను ఇద్దరు శాస్త్రజ్ఞులు మొదటిసారి దుంప నుండి వేరుచేసిరి. దాని అణునిర్మాణము 1910లో తేలినది. నిజమునకు దుంపలో దీనికి తోబుట్టువుల వంటి పదార్థములు మరి రెండు గలవు. ఆ మూడింటిని కలిపియే వ్యాపారులు కుర్కుమిన్ శాతముగా లెక్కించుచుందురు. రకమును బట్టి, నేలను బట్టి ఎండు పసుపులో ఇది సాధారణముగ 2 మొదలు 8 శాతము వరకు ఉండును. మిగిలినది చాలవరకు పిండిపదార్థము, పీచు, కొంత సువాసన తైలము.

ఈ పదార్థపు స్వభావము మన ఇంటి ఆడవారికి ఎప్పటినుండియో తెలిసినదే. పసుపునకు సున్నము తగిలినచో ఎర్రబడును. దిష్టి తీయు ఎర్రనీళ్లు అట్లు చేసినవే. పసుపుతో చేయు కుంకుమ రంగును అంతే. పసుపు మరక పడిన బట్టకు సబ్బు రుద్దగానే ఎర్రనగుటయు ఇందువలననే. క్షారము తగిలిన కుర్కుమిన్ రంగు మారును, తరువాత మెల్లగా చెడిపోవును. ఎండ వెలుగునకు కూడ చెడును. అందువలననే పసుపుబట్టను నాలుగు నాళ్లు ఎండలో ఆరవేసిన వెలిసిపోవును. ఇక మూడవ గుణము, అది నీటిలో కరుగదు, నూనెలో కరుగును. ఈ మూడు సంగతులను గుర్తుంచుకొనుడు. ముందు ముందు వీటితో పని గలదు.

తుప్పునకు విరుగుడు

కుర్కుమిన్ ను యాంటీఆక్సిడెంటు అనుచున్నారు. ఈ మాట ఇప్పుడు బిస్కట్టు పొట్లముల మీద కూడ కనబడుచున్నది గాని, అర్థము తెలిసినవారు తక్కువ. నాగటి కర్రును వానలో వదలిన తుప్పు పట్టును. కోసిన వంకాయ నల్లబడును. చాల కాలము నిలువయున్న నూనె కంపు కొట్టును. ఇవి మూడును గాలిలోని ప్రాణవాయువు చేయు పనులే. మన శరీరములో కూడ తిన్న ఆహారము ప్రాణవాయువుతో కలిసి శక్తిగా మారునప్పుడు, పొయ్యి నుండి నిప్పురవ్వలు ఎగిరినట్లు, కొన్ని చురుకైన కణములు పుట్టును. అవి దగ్గరనున్న కొవ్వును, మాంసకృత్తులను దెబ్బతీయును. అట్టి రవ్వలను ఆర్పగల పదార్థములకే యాంటీఆక్సిడెంటులని పేరు. శరీరము తనంతట తానే కొన్నింటిని తయారు చేసికొనును. ఉసిరిక, జామ, ఆకుకూరల నుండి మరికొన్ని లభించును. కుర్కుమిన్ ఆ జాతిలోనిది. గాజు గొట్టములో పరీక్షించినపుడు రవ్వలను చక్కగా ఆర్పును, వాపును పుట్టించు కొన్ని రసాయనములను అణచును. ఇంతవరకు సత్యమే.

అయితే గాజు గొట్టము వేరు, మనిషి పొట్ట వేరు. యాంటీఆక్సిడెంటు ఎంత ఎక్కువ మ్రింగిన అంత మేలనుట కూడ సరికాదు. క్యారెట్టు, బొప్పాయిలకు రంగునిచ్చు బీటా కెరోటిన్ కూడ యాంటీఆక్సిడెంటే. ఫిన్లాండు దేశములో పొగత్రాగు పురుషులు 29,133 మందిపై జరిపిన గొప్ప పరీక్షలో కొందరికి దానిని మాత్రల రూపమున ఏండ్ల తరబడి ఇచ్చిరి. ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గునని ఆశించిరి. 1994లో ఫలితము వెలువడగా, మాత్రలు తిన్నవారిలో ఆ జబ్బు 18 శాతము ఎక్కువగా ఉండెను. క్యారెట్టు కూర తినుట చెడ్డదని దీని అర్థము కాదు. కూరలోని పదార్థమును విడదీసి, చిక్కజేసి, మాత్రగా మ్రింగినపుడు అది కూరవలె పనిచేయునని నమ్ముటకు వీలులేదని అర్థము.

తిన్నదంతయు ఒంటబట్టునా?

కుర్కుమిన్ విషయములో పెద్ద చిక్కు ఇచ్చటనే గలదు. నీటిలో కరుగదు గనుక ప్రేగులలో నుండి రక్తములోనికి బహు స్వల్పముగా చేరును. చేరిన ఆ కొంచెమును కూడ కాలేయము త్వరగా మార్చి బయటికి పంపివేయును. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు 1998లో ప్రకటించిన పరిశోధనలో 2 గ్రాముల కుర్కుమిన్ ను ఒంటరిగా ఇచ్చినపుడు రక్తములో దాని జాడ కనబడుటయే కష్టమైనది. దానితో 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అనగా మిరియములోని కారపు పదార్థమును చేర్చి ఇచ్చినపుడు రక్తములోనికి చేరినది 20 రెట్లు పెరిగినది. పాలలో పసుపుతోపాటు మిరియపు పొడి వేయుట మన పెద్దల అలవాటు. వారు ఈ లెక్క ఎరిగి వేసిరని నేననను, కాని పాలలోని వెన్న, మిరియము రెండును దీనికి అనుకూలమైనవే.

వంటలో నష్టము కూడ కొంత గలదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు 2007లో ప్రకటించిన దాని ప్రకారము, ఉడికించుటలో పసుపులోని కుర్కుమిన్ 27 నుండి 53 శాతము వరకు నశించును. ప్రెషర్ కుక్కరులో పది నిమిషములుంచినపుడు నష్టము అన్నింటికన్న ఎక్కువ. చింతపండు కలిపి వండినపుడు మాత్రము నష్టము 12 నుండి 30 శాతమే. క్షారము దీనిని చెరచును, పులుపు కాపాడును. పులుసు, చారు లేనిదే ముద్ద దిగని మనకు ఇది సంతోషింపదగిన వార్తయే.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక మనిషి రోజుకు 2 గ్రాముల పసుపు తినుననుకొనుడు. అందులో కుర్కుమిన్ 3 శాతమున్నచో 60 మిల్లీగ్రాములు. వైద్య పరీక్షలలో రోగులకు ఇచ్చినది సుమారు 1,500 మిల్లీగ్రాములు. అంత కుర్కుమిన్ పసుపు రూపముననే తినవలెనన్న రోజుకు 50 గ్రాముల పసుపు మ్రింగవలెను. ఏ కడుపును అందుకు ఒప్పుకొనదు. కనుక మాత్రలతో జరిగిన పరీక్షల ఫలితములను చూపి "మా పసుపు తినుడు, ఈ జబ్బు పోవును" అనుట సరికాదు.

పరీక్షలు చెప్పునది

మనుషులపై జరిగిన పరీక్షలలో చెప్పుకోదగినవి కొన్ని థాయిలాండు దేశమునుండి వచ్చినవి. 2014లో ప్రకటించిన ఒకదానిలో మోకాళ్ల నొప్పులు గల 367 మందిలో కొందరికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారమును, మిగిలినవారికి ఐబుప్రొఫెన్ అను నొప్పి మాత్రను నాలుగు వారములపాటు ఇచ్చిరి. ఉపశమనము ఇంచుమించు సమానముగా కనబడినది. పసుపు సారము తిన్నవారిలో కడుపు బాధలు తక్కువ. 2023లో ప్రకటించిన మరియొక పరీక్షలో అజీర్ణ బాధకు కుర్కుమిన్, ఒమెప్రజోల్ మాత్ర సమానముగా పనిచేసినవి. షుగరు సంగతి 2012 నాటి పరీక్షలో వచ్చినది. షుగరు వ్యాధి ఇంకను రాక, వచ్చు సూచనలు మాత్రము గల 240 మందికి తొమ్మిది నెలలు ఇచ్చి చూడగా, ఉత్తుత్తి మాత్రలు తిన్నవారిలో 16.4 శాతము మందికి వ్యాధి వచ్చినది, కుర్కుమిన్ తిన్నవారిలో ఎవరికిని రాలేదు.

మన పెద్దమనిషికి చేరిన సందేశమునకు మూలము ఇట్టి ఫలితమే కావచ్చును. కాని చూడుడు: వారికి వ్యాధి ఇంకను రాలేదు, వారు తిన్నది సారము, పొడి కాదు, అది ఒక్క పరీక్ష. వ్యాధి ముదిరిన మనిషి గోలీలు మాని పాలలో పసుపు త్రాగుటకు దీనిలో ఆధారమేమియు లేదు.

ఎదుటి పక్షము కూడ వినవలెను. అమెరికాలోని కొందరు రసాయనశాస్త్రజ్ఞులు 2017లో అంతవరకు జరిగిన పనినంతయు పరిశీలించి, మనుషులపై 120కి పైగా పరీక్షలు జరిగినను కుర్కుమిన్ ను మందుగా నిలబెట్టగల గట్టి ఋజువు లేదని తీర్పు చెప్పిరి. వారు చూపిన కారణములలో ఒకటి ఆలోచింపదగినది. కుర్కుమిన్ ప్రయోగశాలలో దొరికిన ప్రతిదానికిని అంటుకొనును, తానే కాంతిని వెదజల్లును. అందువలన పనిచేయకున్నను పనిచేసినట్లు పరికరములకు తోచును. దీనిపై వెలువడిన కొన్ని పరిశోధన పత్రములను అందలి దోషముల కారణమున పత్రికలు ఉపసంహరించుకొన్నవి కూడ. ఆ శాస్త్రజ్ఞుల తీర్పు కొంత కఠినమని నాకు తోచును. మోకాళ్ల నొప్పుల విషయములో ఆశ వదలుకొననక్కరలేదు. అయితే కాన్సరు, షుగరు, క్షయ వంటి వ్యాధులకు పసుపునే నమ్ముకొనుమని ఏ పరీక్షయు చెప్పలేదు.

గాయమునకు పసుపు అద్దుట వేరు సంగతి. అది మన దేశపు పాత అలవాటు. గాయములు మాన్పు ఈ గుణమును తామే కనుగొన్నట్లు అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రము 1995లో పేటెంటు పొందగా, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి పోరాడి 1997లో దానిని రద్దు చేయించినది. ఇంటి పసుపు ఆ విధముగా గెలిచినది. అయినను షుగరు గలవారి కాలి పుండు కత్తిపీట గాటు వంటిది కాదు. దానికి పసుపద్ది కూర్చున్నచో కాలికే ముప్పు.

మాత్రల విషయములో జాగ్రత్త

కూరలో వేయు పసుపునకు భయపడనక్కరలేదు. చిక్కజేసిన మాత్రల సంగతి అట్లు కాదు. ఆహారములో చేర్చు రంగుగా కుర్కుమిన్ ను రోజుకు శరీరపు బరువులో కిలో ఒక్కింటికి 3 మిల్లీగ్రాముల వరకు తీసికొనవచ్చునని అంతర్జాతీయ నిపుణుల సంఘము హద్దు పెట్టినది. అనగా 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. బజారు మాత్రలలో పెక్కింటిలో ఇంతకన్న ఎక్కువ ఉండును. పైపెరిన్ కలిపి ఒంటికి ఎక్కువ పట్టునట్లు చేసిన మాత్రలు తిన్నవారిలో కొందరికి కాలేయము వాచి కామెర్లు వచ్చినట్లు ఇటలీ, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో నమోదైనది. ఇటలీ ప్రభుత్వము 2022లో ఇట్టి మాత్రలపై ఆరోగ్యపు గొప్పలు వ్రాయుటను నిషేధించినది. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు, పిత్తాశయములో రాళ్లు గలవారు, కాలేయపు జబ్బు గలవారు డాక్టరును అడుగక ఈ మాత్రలను ముట్టరాదు. కుర్కుమిన్ ఇనుమును పట్టుకొను స్వభావము గలది గనుక రక్తహీనత గల స్త్రీలు కూడ ముందుగా అడుగుట మంచిది.

రంగు కొమ్ములోనే ఉండవలెను

ఇక మన పనికి వత్తము. కుర్కుమిన్ శాతము మొదట రకమును బట్టి ఉండును. కోజికోడులోని భారత సుగంధ ద్రవ్య పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రతిభ, ప్రభ రకములలో 6 శాతమునకు పైగా ఉండును. మేఘాలయ కొండలలోని లకడాంగ్ పసుపులో 7 శాతము దాటును. ఆ మాట విని కొందరు ఉన్న విత్తనమునంతయు అమ్మివేసి లకడాంగ్ తెప్పింపవలెనని ఉత్సాహపడుచున్నారు. తొందరపడవద్దు. కొండనేలలో వచ్చిన శాతము మన నల్లరేగడిలోను, ఎర్రనేలలోను అట్లే వచ్చునని చెప్పలేము. దిగుబడి కూడ చూచుకొనవలెను. నాలుగు బోదెలలో నాటి చూచి, మరుసటి ఏడు నిశ్చయింపవచ్చును. కమ్మర్పల్లిలోని పసుపు పరిశోధన స్థానమువారిని ముందుగా సంప్రదించుట మేలు.

త్రవ్విన రెండు మూడు దినములలోనే ఉడికింపవలెను. కొమ్ములను, మండలను వేరుచేసి విడివిడిగా ఉడికింపవలెను. మండలు లావు గనుక ఆలస్యముగా ఉడుకును. కొందరు రంగు తేలుటకని సోడా గాని సున్నము గాని కలుపుదురు. క్షారము కుర్కుమిన్ ను ఏమి చేయునో ఎర్రనీళ్లలో చూచితిరి గదా! మంచినీరే చాలును. 45 నిమిషములు మొదలు గంటలోపల నురుగు పొంగి, తెల్లని ఆవిరితోపాటు పసుపు వాసన గుప్పుమనును. అప్పుడు ఈనెపుల్ల గ్రుచ్చిన సులభముగా దిగవలెను. అంతకు మించి ఉడికిన రంగు చెడును, తక్కువైన కొమ్ము పెళుసుబారును. సిమెంటు కల్లము మీద గాని శుభ్రమైన టార్పాలిను మీద గాని 5 మొదలు 7 సెంటీమీటర్ల మందమున పరచి ఎండబెట్టవలెను. మరీ పలుచగా పరచిన రంగు వెలియును. రాత్రిపూట కుప్పచేసి కప్పవలెను. 10 మొదలు 15 దినములలో తేమ 10 శాతమునకు దిగి, కొమ్మును విరిచిన ఫట్టుమని మ్రోగును. ఇంటి వాడకమునకు కూడ కొమ్ములుగానే దాచి, అవసరమైనంత మాత్రమే పొడి కొట్టించుకొనుడు. పొడికి వెలుతురు తగులుటకు చోటెక్కువ.

ఎండబెట్టునపుడు వాన తడిసి కొమ్ము నల్లబడినచో ధర పడిపోవును. అప్పుడే కొందరికి దుర్బుద్ధి పుట్టును. మన పొరుగున బంగ్లాదేశములో 1980 ప్రాంతమున వరదలకు తడిసి రంగు చెడిన పసుపునకు మెరుపు తెచ్చుటకని లెడ్ క్రోమేటు అను పచ్చరంగు పూయ మొదలుపెట్టిరని చెప్పుదురు. అది సీసముతో చేసినది. సీసము రక్తములో చేరిన పిల్లల మెదడు ఎదగదు, చదువు అబ్బదు. 2019లో పరిశోధకులు ఈ సంగతిని బయటపెట్టగా ఆ ప్రభుత్వము ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్టుపై దాడి చేసి జరిమానాలు వేసి, దేశమంతట ప్రచారము చేసినది. 2019లో బజారు నమూనాలలో 47 శాతమున కనబడిన సీసము 2021 నాటికి ఒక్కదానిలోను కనబడలేదు. మన దేశములో పాట్నా వంటి కొన్నిచోట్ల అమ్మిన పసుపులో కూడ సీసము ఎక్కువగా ఉన్నట్లు 2024లో వెల్లడియైనది. మెరుగుపెట్టు యంత్రము వద్ద "కొంచెము రంగు వేయమందురా?" అని అడిగినవారికి రైతు ఒప్పుకొనరాదు. అమ్మకపు చీటీ మీద ఉండునది రైతు పేరే.

కొన్న కొమ్ములపై అనుమానము కలిగినచో గాజు గ్లాసెడు నీటిలో వేసి చూడుడు. కుర్కుమిన్ నీటిలో కరుగదని చెప్పియుంటిని. కనుక మంచి కొమ్ము నీటికి రంగు వదలదు. పూసిన కొమ్ము వేయగానే పచ్చని చారలు వదలును. పొడియైనచో చెంచాడు వేసి కదపక ఉంచిన, మంచి పొడి లేత పసుపు నీటిని మిగిల్చి అడుగునకు దిగును. కల్తీ పొడి నీటికి ముదురు పచ్చరంగు నిచ్చును. ఇది మొదటి చూపునకు మాత్రమే. ఖాయముగా తెలియవలెనన్న ప్రయోగశాలకే పంపవలెను.

కుర్కుమిన్ శాతమునకు పరీక్ష చేయించువారు నమూనా తీయుటలో తప్పు చేయుచున్నారు. మంచి కొమ్ములు నాలుగు ఏరి పంపిన, వచ్చు అంకె ఆ నాలుగు కొమ్ములదే గాని సరుకుది కాదు. పది బస్తాలలో ప్రతిదాని పైనుండి, నడుమనుండి, అడుగునుండి పిడికెడు చొప్పున తీసి, కలిపి, అందులో అర కిలో వేరుచేయవలెను. కొమ్ములకు, మండలకు వేర్వేరు సంచులు ఉండవలెను. సంచిలో రకము పేరు, పొలము గుర్తు, ఉడికించిన తేదీ వ్రాసిన చీటీ పెట్టవలెను. గుంటూరులో సుగంధ ద్రవ్యముల బోర్డు వారి ప్రయోగశాల గలదు. ఫలితపు కాగితము వచ్చినపుడు, శాతమును ఎండు బరువు మీద లెక్కించిరా, తేమతో కూడిన బరువు మీద లెక్కించిరా అని చూచుకొనవలెను. తేమ ఎక్కువగానున్న సరుకులో ఆ రెండవ లెక్కన అంకె తగ్గి కనబడును.